మెర్క్రూయిజర్ 4.3 అలారం: కాపలా గట్టిది, నోరు మాత్రం పెగలదు

డాలస్ దగ్గర లేక్ ల్యూయిస్‌విల్‌లోనో, అట్లాంటా పైన లేక్ లేనియర్‌లోనో తిప్పుకోవడానికి పాత బౌరైడర్ (ముందు భాగంలోనూ కూర్చునే చోటున్న చిన్న మోటారు బోటు) కొనేవాళ్లకు తరచుగా ఎదురయ్యే జోడీ ఇది: మెర్క్రూయిజర్ 4.3 లీటర్ల వీ6 కార్బ్యురేటర్ ఇంజన్, వెనక ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్ల భాగం, అంటే ఆల్ఫా వన్ జెన్ టూ డ్రైవ్. ఇంజన్ మొండిది. జనరల్ మోటార్స్ బ్లాక్ కాబట్టి స్పేర్లకు కొదవ లేదు. ఈ సమీక్ష ఇంజన్ గురించి కాదు, దాంతోపాటు వచ్చే వార్నింగ్ అలారం గురించి. కాపలా బాగానే కాస్తుంది, కానీ దొంగ ఏ తలుపులోంచి వచ్చాడో చెప్పదు.

కట్టుబడి చాలా తేలిక. డ్యాష్‌బోర్డు వెనక ఒక చిన్న హారన్ ఉంటుంది. తాళం తిప్పగానే ఊదా రంగు వైరు దానికి 12 వోల్టులు అందిస్తుంది. రెండో వైరు, గోధుమ రంగు మీద నీలి చార ఉన్నది, ఇంజన్ దాకా వెళ్లి మూడు చోట్లకు చీలుతుంది: ఆయిల్ ప్రెజర్ స్విచ్, నీటి వేడి స్విచ్, డ్రైవ్‌కి గేర్ ఆయిల్ అందించే సీసాలోని ఫ్లోట్ స్విచ్ (ఆయిల్ మట్టంతో పాటు పైకీ కిందికీ కదిలే తేలు ముక్కతో పనిచేసేది). వీటిలో ఏ ఒక్కటి గ్రౌండ్‌కి కలిసినా మోత మొదలు. కంప్యూటర్ లేదు, కోడ్ లేదు. ముగ్గురు పిల్లలూ ఒకే గొంతుతో ఏడ్చే ఇల్లన్నమాట.

దీనికో మంచి గుణం ఉంది, చాలామంది దాన్నే లోపం అనుకుంటారు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే హారన్ మోగాలి. ఆయిల్ ప్రెజర్ ఇంకా రాలేదు కాబట్టి ఆ స్విచ్ మూసుకునే ఉంటుంది, ఇంజన్ అందుకున్న ఒకటి రెండు సెకన్లలో తెరుచుకుంటుంది. పాత బోటు చూడటానికి వెళ్లినప్పుడు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. తాళం తిప్పినా చప్పుడు లేదంటే హారన్ పోయి ఉండాలి, స్విచ్ చచ్చి ఉండాలి, లేదా మోత భరించలేక ఎవరో వైరు పీకేసి ఉండాలి. మూడోదే ఎక్కువ.

ఇక అందరినీ తికమక పెట్టేది: గేజీలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా మోగుతోంది. గేజీకి కొలత పంపే సెండర్ వేరు, అలారం స్విచ్ వేరు. రెండింటికీ వైరు కూడా వేరే. ఒకటి బాగుండి రెండోది పాడవ్వొచ్చు. పైగా గేర్ ఆయిల్‌కి అసలు గేజీయే లేదు. అందుకే గేజీలు మామూలుగా ఉండి అలారం మోగితే ముందు చూడాల్సింది ఇంజన్ గదిలోని ఆ ప్లాస్టిక్ సీసా. లీటర్ల కొద్దీ ఇంజన్ ఆయిల్ మార్చి, థర్మోస్టాట్ మార్చి, చివరికి సీసాలో రెండు చెంచాల గేర్ ఆయిల్ తక్కువైందని తెలుసుకోవడం ఈ ఇంజన్ దగ్గర మామూలే.

సీసాలో మట్టం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడికి ఆయిల్ వ్యాకోచించి పైకొస్తుంది, ఆ మట్టాన్ని నమ్మకూడదు. కనీస గీతకు చేరువగా దిగిన ఆయిల్ మలుపుల్లోనూ, అలల మీదా ఊగి ఫ్లోట్‌ని కిందికి దించుతుంది. నేరుగా వెళ్తే నిశ్శబ్దం, తిప్పితే మోత అన్న ఫిర్యాదుకు అసలు కారణం ఇదే. డ్రైవ్ ఆయిల్ కొత్తగా మార్చిన తరువాత మొదటి ఒకటి రెండు ట్రిప్పుల్లో మట్టం కాస్త దిగితే కంగారు అక్కర్లేదు, లోపల చిక్కిన గాలి బయటికొచ్చింది, అంతే. డ్రైవ్‌ని కింది రంధ్రం నుంచి పైకి నింపితే ఆ గాలి కూడా తక్కువే చిక్కుతుంది. ప్రతి వారం దిగుతుంటే మాత్రం లీకు వెతకాలి. ముందుగా అనుమానించాల్సినవి ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు, బెలోస్ (డ్రైవ్‌నీ బోటునీ కలిపే చోట ఉండే మడతల రబ్బరు తొడుగు) లోపలి వైపు, సీసా నుంచి డ్రైవ్‌కి వెళ్లే గొట్టం. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరాయి, సీళ్లు మార్చేదాకా బోటు నీళ్లలోకి దింపొద్దు. సీసా నిండుగా ఉన్నా మోగుతుంటే అడుగున పేరుకున్న మడ్డిలో ఫ్లోట్ ఇరుక్కుని ఉండొచ్చు. విప్పి, డీగ్రీజర్‌తో కడిగి, బాగా ఆరబెట్టి పెట్టాలి. అప్పటికీ మారకపోతే సెన్సర్ పోయినట్టే.

ఎవరి గొంతో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నాలుగు నిమిషాలు వేయండి. పెట్రోల్ ఇంజన్ గది అది, నిప్పురవ్వతో ఆటలొద్దు. ఇంజన్ ఆపి ఉంచి తాళం మాత్రం తిప్పితే హారన్ మోగుతుంది. ఆయిల్ స్విచ్ మీది గోధుమ-నీలం వైరు తీయండి. మోత ఆగిందా, మిగతా రెండు స్విచ్‌లూ ప్రస్తుతానికి నిర్దోషులు. ఆగకపోతే వేడి స్విచ్ వైరు, తరువాత సీసా కనెక్షన్ తీయండి. ఏది తీసినప్పుడు ఆగిందో దొంగ అక్కడే. మూడూ తీసినా మోగుతుంటే వైరు ఎక్కడో బ్లాక్‌కి రాసుకుని, పైతొడుగు అరిగి గ్రౌండ్ అవుతోంది. బ్రాకెట్ల అంచుల వెంబడి చూడండి. పని అయ్యాక మూడూ తిరిగి తగిలించి, మళ్లీ తాళం తిప్పి మోత వినాలి. ఈ చివరి అడుగు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

వేడి స్విచ్ సుమారు 190 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య మూసుకుంటుంది, 150–170కి దిగాకే తెరుచుకుంటుంది. ఈ తేడా తెలియకే ఒక భయం పుడుతుంది. గట్టిగా తిరిగి వచ్చి, ఇంజన్ ఆపి, ఈత కొట్టి పదిహేను నిమిషాల తరువాత స్టార్ట్ చేస్తే మోగుతుంది. ఆపిన ఇంజన్‌లో నీళ్లు తిరగవు కాబట్టి బ్లాక్ వేడంతా స్విచ్ దగ్గరికి చేరింది. ఐడిల్‌లో నిమిషం తిరిగితే దానంతటదే ఆగుతుంది. ఆగకపోయినా, స్పీడులో ఉండగా మొదలైనా అది నిజమైన వేడే. ఆల్ఫాలో నీటి పంపు డ్రైవ్‌లోనే ఉంటుంది, మొదటి అనుమానం ఆ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ మీదే. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా దాని రెక్కలు పోతాయి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ హౌసింగ్, రెండు ఎగ్జాస్ట్ ఎల్బోలు (పొగ బయటికెళ్లే వంపు గొట్టాలు) కొలవండి. ఒక ఎల్బో మాత్రమే బాగా వేడిగా ఉంటే ఆ వైపు తుప్పుతో దారి మూసుకుపోయింది.

ఆయిల్ స్విచ్ నాలుగు పీఎస్‌ఐ ప్రాంతంలో మూసుకుంటుంది. అంటే అది మోగేసరికి ఆలస్యం దాదాపు అయిపోయినట్టే. ఈ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చనిది ఇదొక్కటే. నడుస్తుండగా మోగి, ఆయిల్ గేజీ కూడా పడిపోతే వెంటనే ఆపడం తప్ప మరో మార్గం లేదు. గేజీ బాగుంటే మెకానికల్ గేజీ బిగించి కొలవండి. వేడెక్కిన ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర 30–60 పీఎస్‌ఐ చూపాలి. చూపితే స్విచ్ మార్చేయండి. కొత్తది బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు దండిగా చుట్టొద్దు. ఒంటి వైరు స్విచ్‌లు మరల ద్వారానే గ్రౌండ్ అందుకుంటాయి. టేపు ఆ దారి మూసేస్తే అలారం మూగబోతుంది.

మూడు గొంతులనూ విడదీయాలంటే డ్యాష్‌లో మూడు 12 వోల్టుల ఎల్‌ఈడీలు పెట్టుకోవచ్చు. ఒక్కో స్విచ్ నుంచి విడివిడిగా వైరు లాగి, ఊదా వైరు నుంచి ఎల్‌ఈడీకి సరఫరా ఇచ్చి, హారన్ వైపు ఒక్కో స్విచ్‌కీ ఒక 1ఎన్4001 డయోడ్, గీత ఉన్న కొన స్విచ్ వైపు ఉండేలా వేయాలి. డయోడ్ మరిచిపోతే ఏ స్విచ్ మూసుకున్నా మూడు దీపాలూ వెలుగుతాయి.

ఇదంతా కార్బ్యురేటర్ మోడల్‌కే. తాళం తిప్పగానే రెండుసార్లు బీప్ మని ఊరుకునే ఎంపీఐ (కార్బ్యురేటర్‌కి బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందించే) ఇంజన్‌లో హారన్ కంప్యూటర్ చేతిలో ఉంటుంది. అక్కడ వైర్లు పీకి వెతకడం పనికిరాదు, స్కాన్ టూల్ పెట్టి కోడ్ చదవాల్సిందే.