నాన్న పోయాక చెల్లెలు ఉందని తెలిసింది: బరంపురంలో మా వారసత్వం పని చూసిన వకీలు గారి గురించి

ఒడిశాలోని బరంపురంలో వారసత్వం కాగితాలు చూసే ఒక తెలుగు వకీలు గారి ఆఫీసుకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఎందుకంటే మాలాంటి పరిస్థితి గంజాం, గజపతి, రాయగడ వైపు ఇంకా చాలా ఇళ్లలో ఉండే ఉంటుంది.

నాన్న ఉద్యోగం రాయగడ వైపు, మేం బరంపురంలోనే ఉండేవాళ్లం. ఆయన పోయాక బ్యాంకుకి వెళ్తే ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి నామినీ అమ్మ కాదు, నేనూ కాదు, గుణుపురంలో ఉన్న ఒకమ్మాయి. సంబంధం దగ్గర కూతురు అని రాసుంది. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదట వెళ్లిన చోట, పేరు రాయను, ఆ పిల్ల పేరు ఎక్కించకుండా వారసులెవరో చెప్పే సర్టిఫికెట్ తెప్పించేస్తాం అన్నారు. ఈ వకీలు గారు మాత్రం అమ్మని కూర్చోబెట్టి, "అమ్మా, వారసులు వీళ్లే అని అఫిడవిట్‌లో ప్రమాణం చేసేది మీరు, ఒకళ్లని దాస్తే రేపు కోర్టులో నిలబడాల్సిందీ మీరే" అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఆయన చెప్పింది ఇదీ: భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు, కానీ ఆ పెళ్లికి పుట్టిన పిల్లల్ని అదే చట్టం 16వ సెక్షన్ చట్టబద్ధమైన సంతానంగానే చూస్తుంది. వీలునామా లేకపోతే నాన్న సొంత సంపాదనలో అమ్మకీ నాకూ ఎంతో ఆ అమ్మాయికీ అంతే, వాళ్లమ్మకి మాత్రం వారసత్వంగా ఏమీ రాదు. తాతల ఆస్తిలో తండ్రి వాటాకి వచ్చేదాంట్లో ఇలాంటి పిల్లలకి భాగం ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక బ్యాంకు డిపాజిట్‌కి నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, దాని మీద హక్కు వారసులందరిదీ. ఇదంతా అమ్మకి తెలుగులో, మా కాగితాలే ముందు పెట్టి చెప్పారు, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోలేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నదీ ఆయనే. ఒక్కతే వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి స్కూలు టీసీ, గుడిలో తీసిన నాన్నా వాళ్లమ్మల పెళ్లి ఫోటో, పాత ప్రోగ్రెస్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కార్డు మీద నాన్న సంతకం, కింద రెండు గీతలు, నా కార్డుల మీద ఎలా ఉండేదో అచ్చం అలాగే. వకీలు గారు లేచి బయటికి వెళ్లి, టీ పంపించి, చాలాసేపు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఫీజు కట్టి చేయించుకునే పనిలో ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు. దసరాకి డ్యూటీ ఉందని ఆగిపోయేవారు, మీ దగ్గరికే వచ్చేవారా అని అమ్మ అడిగింది. అవునండీ అంది ఆ పిల్ల. అబద్ధం చెప్పలేదు, అందుకే నాకు దాని మీద కోపం రాలేదు, కోపమంతా నాన్న మీదే, ఇంకా పోలేదు.

తర్వాత పని చకచకా జరిగింది. తహసీల్ ఆఫీసుకి లీగల్ హెయిర్ సర్టిఫికెట్, అంటే ఆ వారసుల సర్టిఫికెట్ దరఖాస్తు పెట్టారు, ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకి వచ్చినప్పుడు చెల్లి కూడా మా ఇంట్లోనే ఉంది. వారసుల మధ్య తగాదా వస్తే బ్యాంకు డబ్బుకి కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాల్సి రావచ్చన్నారు గానీ మాకు అంతదూరం పోలేదు.

ఒక స్టార్ తగ్గించింది గుమాస్తా వల్ల. ఫోన్ ఎత్తడు, అడిగితే గానీ రసీదు ఇవ్వడు, అఫిడవిట్ ఒడియాలో రాసి అమ్మ చేత గబగబా సంతకం పెట్టించబోయాడు. ఒడియా చదవడం రానివాళ్లు మొత్తం చదివించుకుని విన్నాకే పెట్టండి. పొద్దున్నే వెళ్లండి, తర్వాత ఆయన కోర్టుకి వెళ్లిపోతారు. డెత్ సర్టిఫికెట్, ఆధార్‌లు, పట్టా కాపీతో పాటు అవతలి పిల్లల స్కూలు కాగితాలూ, ఆ పెళ్లికి ఏ ఆధారం ఉంటే అదీ తీసుకెళ్లండి, ఆయన ముందు అడిగేవి అవే.