సికింద్రాబాద్‌లో మూడు సాయంత్రాల ధ్యాన కూడికలు: కన్నీళ్లు తక్కువ, లెక్క ఎక్కువ

ఈ ఏడాది శ్రమల దినాల్లో సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ సంఘం మారుమనస్సు, పాపక్షమాపణ అనే అంశాలపై వరుసగా మూడు సాయంత్రాలు ధ్యాన కూడికలు ఏర్పాటు చేసింది. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు ఆదివారాలు తీసివేస్తే లెక్కకు వచ్చే ఈ 40 శ్రమల దినాల్లో, మన నగరంలో ఇలాంటి కూడికలు జరగని పేట దాదాపు ఉండదు. అయితే వాటిలో ఎక్కువ భాగం భక్తి ఆవేశాన్ని రగిలించే ఉజ్జీవ సభల పద్ధతిలో సాగి, ఎంతమంది ఏడ్చారన్నదే కొలమానంగా ముగుస్తాయి. 200 రూపాయల నమోదు రుసుము కట్టి వెళ్లిన నేను కూడా అంతకు మించి ఆశించలేదు. సంఘం పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే కింద చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంఘానివే కావు.

మొదటి సాయంత్రం ప్రసంగం రెండు తెలుగు మాటల చుట్టూ తిరిగింది. పశ్చాత్తాపం అంటే జరిగిపోయిన తరువాత కలిగే తాపం. ఆ మాటలో మంట ఉంది గాని మలుపు లేదు. మన పాత బైబిలు అనువాదంలో యేసును అప్పగించిన యూదా 'పశ్చాత్తాపపడి' వెండి నాణెములు తిరిగి ఇచ్చేశాడు, అయినా ఆ తాపం అతణ్ని ఉరి దగ్గరికే నడిపించింది. యేసుకు ముందు వచ్చిన ప్రవక్త, బాప్తిస్మమిచ్చు యోహాను అడిగినది మారుమనస్సు. గ్రీకులో 'మెటనోయా' అన్న ఆ మాటను మన అనువాదకులు ఇంత చక్కగా తెలుగు చేశారన్న సంగతి, చిన్నప్పటి నుంచి వింటున్నా, నాకు ఆ రోజు వరకు తట్టలేదు. మారుపేరు, మారుతల్లి అన్నప్పుడు 'మారు' అంటే వేరొకటి. కాబట్టి మారుమనస్సు అంటే ఉన్న మనసు నొచ్చుకోవడం కాదు, వేరొక మనసు కలగడం. మారువేషం అనే మాట కూడా అదే కుదురు నుంచి వచ్చిందని ప్రసంగీకులు నవ్వుతూ అన్నప్పుడు, సభలో కొందరు తలలు వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

రెండవ సాయంత్రం కోసమే ఈ సమీక్ష రాస్తున్నానని చెప్పాలి. విషయం యెరికో పట్టణంలో పన్ను వసూలు చేసే సుంకరుల పెద్ద జక్కయ్య. యేసును చూడడానికి మేడిచెట్టు ఎక్కిన పొట్టివానిగా సండే స్కూలు పిల్లలందరికీ తెలిసిన ఆ కథలో, పెద్దలు దాటివేసే భాగం అతడు చెప్పిన లెక్క. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్న దానికి నాలుగంతలు. ఈ నాలుగంతలు ఎక్కడిదన్న ప్రశ్నకు ప్రసంగీకులు పాత నిబంధనలోని మోషే ధర్మశాస్త్రాన్నే తెరిచారు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం తన తప్పు తాను ఒప్పుకున్నవాడు అసలుతో పాటు ఐదవ వంతు కలిపి ఇస్తే చాలు. నిర్గమకాండం 22వ అధ్యాయం ప్రకారం గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడో, చంపినవాడో మాత్రం నాలుగు గొఱ్ఱెలు ఇవ్వాలి. ధనవంతుడు బీదవాని గొఱ్ఱెపిల్లను లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పిన కథ విని, తన సంగతే అని తెలియక దావీదు రాజు విధించిన దండుగ కూడా నాలుగంతలే. అంటే జక్కయ్య ఒప్పుకున్నవానికి దొరికే వెసులుబాటును వదులుకుని, తనను తాను దొంగల వరుసలో నిలబెట్టుకున్నాడు. అంతకంటే ముఖ్యంగా, యేసు అతని ఇంటికి వస్తానన్నది ఈ లెక్క చెప్పక ముందే. కనుక చెల్లింపు క్షమాపణకు వెల కాదు, క్షమాపణ ఇంట్లో అడుగుపెట్టిన తరువాత బయటికి వచ్చిన సొమ్ము. ఇంత విషయాన్ని గంటలో, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా చెప్పడం మన వేదికల మీద అరుదు.

మూడవ సాయంత్రం మత్తయి సువార్తలోని ఋణస్థుని ఉపమానం. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు, నూరు దేనారముల కోసం తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. ఒక తలాంతుకు 6,000 దేనారములు, ఒక దేనారము ఒక రోజు కూలి అని లెక్కగడితే, మొదటి అప్పు 6 కోట్ల రోజుల కూలి అవుతుంది. ఏడాదికి 300 పని దినాలు వేసుకున్నా 2 లక్షల ఏళ్లు పడుతుంది. జక్కయ్య లెక్క తీరేది, ఈ లెక్క తీరనిది. మనుషులకు బాకీ పడినది చెల్లించగలం, దేవునికి బాకీ పడినది మాఫీ కావలసిందే అన్న తేడా ఇక్కడ స్పష్టంగా తేలింది.

ఇక లోపాలు. మూడవ రోజు మౌనంగా పాపపు ఒప్పుకోలుకు 20 నిమిషాలు కేటాయించామని కరపత్రంలో ముద్రించారు. ప్రకటనలు, కానుకలు, శాలువా సన్మానం పూర్తయ్యేసరికి 4 నిమిషాలు మిగిలాయి, ఆ నాలుగింటిలోనూ కీబోర్డు ఆగలేదు. సన్మానాన్ని భోజనాల దగ్గర పెట్టుకుని ఉంటే ఎవరికి నష్టమో నాకు అర్థం కాలేదు.

దీనికంటే పెద్ద లోటు ప్రశ్నల పెట్టె దగ్గర కనిపించింది. తాను మోసం చేసిన మనిషి చనిపోయాడని, ఇప్పుడు ఎవరికి చెల్లించాలని ఒకరు చీటీ రాశారు. దేవునికి అప్పగించి ప్రార్థించండి అని ఒక్క ముక్కలో దాటవేశారు. రెండవ సాయంత్రం తెరిచిన సంఖ్యాకాండం 5వ అధ్యాయంలోనే, చదివిన వచనానికి తరువాతి వచనం సరిగ్గా ఈ సందర్భం గురించి మాట్లాడుతుంది: పుచ్చుకోవడానికి రక్తసంబంధి లేనప్పుడు మాత్రమే అది యెహోవాకు చెల్లి యాజకునిది అవుతుంది. అంటే ముందు ఆ మనిషి బంధువులను వెదకాలి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి మొదట సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాటను కూడా మూడు రోజుల్లో ఎవరూ ఎత్తలేదు. గాయపడినవాని వైపు నుంచి ఒక్క ప్రసంగమైనా లేకపోవడం, ఇంత జాగ్రత్తగా కూర్చిన కూడికలకు తగినది కాదు.

రుసుముతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం బాగుంది, వాక్య భాగాలన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. టీ ఫరవాలేదు, చివరి రోజు బిరియాని ఆలస్యమైంది. పార్కింగు లేదు కాబట్టి పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్లడం మేలు. ప్రసంగాలను వీడియో తీశారు. పెట్టినప్పుడు రెండవ రోజుది తప్పక వినండి, మూడవ రోజు చివరి అరగంట వదిలేసినా ఫరవాలేదు.