మా ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం, ఆటలు: ఒక అమ్మ రివ్యూ

మాది తెనాలి పక్కన పల్లె. మా పాప ఆరో తరగతి నుంచి ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదువుతోంది, ఇప్పుడు ఏడు. నేను పేరెంట్స్ కమిటీలో ఉన్నాను కాబట్టి వంట దగ్గరికి వెళ్లి చూసే వీలుంది. "గవర్నమెంటు బళ్లో అన్నం పిల్లలు తింటారా అండీ?" అని చాలామంది అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

తింటారు. మా పాప కంచం కడిగేసినట్టు తింటుంది.

ఐదో తరగతి దాకా చదివిన ప్రైవేటు స్కూలు నుంచి బాక్సు సగం వెనక్కొచ్చేది. లోపలే క్యాంటీను, అందులో పఫ్‌లు, సమోసాలు, కూల్‌డ్రింకులు. పక్క పిల్ల పఫ్ తింటుంటే నేను పెట్టిన బీరకాయ కూర ఎవరికి ఎక్కుతుంది? కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి ఆవరణలోనూ, గేటుకి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020లోనే కేంద్ర నిబంధనలు వచ్చాయి. అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ అందరి కంచాల్లోనూ ఒకటే తిండి. వారంలో ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు బెల్లం చిక్కీ, మిగతా మూడు రోజులు రాగి జావ. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పూటకి 150 గ్రాముల బియ్యం లెక్క. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు నేనూ పిల్లల పక్కనే కూర్చుని తిన్నాను. పప్పు బాగుంది, అన్నం మాత్రం లావుగా, గొంతుకి అడ్డం పడింది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది. ఆ తేడా కంచాల్లో మిగిలే అన్నంలోనే కనిపిస్తోంది.

రాగి జావ గురించి కొంచెం చెప్పాలి. మొదట్లో వాసన చూసి పారబోసేవాళ్లట. మా వంట చేసే అక్క పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పుతుంది. బెల్లం దించాకే వేస్తుంది. స్టీలు గ్లాసులో పోస్తే జారుడు అట్ల పిండిలా ఉంటుంది, వేడి తగ్గేలోపు పిల్లలు రెండోసారి లైన్లో నిలబడతారు. ఇంత పనికి ఆమెకి వచ్చేది నెలకి 3 వేల గౌరవ వేతనం. ఇది చాలా తక్కువ, ఎవరైనా పెంచాలి.

ఇంట్లో ఇప్పుడు తోటకూర పప్పు చేస్తే పాప అడిగి వేయించుకుంటోంది. నేను బతిమాలితే తినని కూర, నలుగురితో కూర్చుని తినడం వల్ల అలవాటైంది.

ఆటలకి వస్తే, గ్రౌండు పెద్దది. పీడీ సారు, అంటే ఆటలు నేర్పే టీచరు, సున్నంతో ఖోఖో కోర్టు గీయించారు. ఆడపిల్లలకి సాయంత్రం టెన్నికాయిట్ (రబ్బరు రింగు విసిరి పట్టుకునే ఆట) వల కడతారు. పాత బళ్లో పీటీ పీరియడ్ టైంటేబుల్లో ఉండేది, ఆ గంటలో లెక్కల స్టడీ అవర్ జరిగేది. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడ ఏడో తరగతికి అది దొరుకుతోంది. పదో తరగతి వాళ్లకి మాత్రం సంక్రాంతి దాటగానే ఆటలు బంద్, అంతా స్పెషల్ క్లాసులే. పొద్దున్నించి బెంచీ మీదే కూర్చునే పిల్లకి ఒక్క పీరియడ్ ఇస్తే మార్కులు పడిపోవు.

బాగోనివీ ఉన్నాయి. భోజనానికి షెడ్డు లేదు, వానొస్తే వరండాలో ఇరుక్కుని తింటారు. చేతులు కడుక్కునే కుళాయిలు చాలక చాలామంది కడుక్కోకుండానే కూర్చుంటారు. గేటు ఎదురుగా బండి మీద ఐదు రూపాయల మసాలా ప్యాకెట్లు అమ్ముతూనే ఉన్నారు. గుడ్డు తినని పిల్లలు కూడా ఆ ప్యాకెట్టు కొంటారు.

మా ఊళ్లో పిల్లల్ని చేర్చాలా అని అడిగితే, తిండికీ ఆటకీ అయితే నిశ్చింతగా చేర్చమంటాను. చేర్చేముందు ఒక మంగళవారం పన్నెండు దాటాక వెళ్లి, వంటగది బయట నిలబడి చూడండి. వడ్డించే ముందు టీచర్ రుచి చూస్తున్నారో లేదో గమనించండి, హెడ్మాస్టరు గారిని అడిగితే రుచి రిజిస్టరు కూడా చూపిస్తారు. కుళాయిల సంగతి, ఆ బండి సంగతి వచ్చే కమిటీ మీటింగులో నేను రాతపూర్వకంగా పెడుతున్నాను. పేరెంట్స్ ఎవరైనా సంతకం పెట్టాలనుకుంటే మీటింగుకి రండి.