చిత్రకారుడి కాగితాలు: ఇంట్లోనా, చిత్రశాలలోనా, ఆర్కైవ్స్‌లోనా?

చిత్రకారుడు కాలం చేశాక ఆయన బొమ్మలకు ఎవరో ఒకరు చోటు చూపిస్తారు గాని, ఉత్తరాలు, చిత్తు పుస్తకాలు, రంగుల కొట్టు రసీదులు ఇంటివాళ్ల దయమీదే ఉండిపోతాయి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) పేర చిత్రశాల నిలిచింది కనుక ఆయన చిత్రాలను ఈనాటికీ చూడగలుగుతున్నాం. అంత పేరు రాని జిల్లా చిత్రకారుల కాగితాలకు ఏ చోటు మేలు: ఇల్లా, చిత్రశాలా, పాత కాగితాలను భద్రపరిచి చదువరులకు చూపే ఆర్కైవ్స్ సంస్థా?

ఇంట్లో ఉంటే ఒక లాభం ఉంది: ఫొటోలో ఉన్నది ఎవరో, ఉత్తరంలోని దస్తూరి ఎవరిదో చెప్పగల పెద్దవాళ్లు అక్కడే ఉంటారు. గోదావరి జిల్లాల తేమ, చెదలు ఎలాగూ ఉన్నవే. వాటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆస్తి పంపకం. చిత్తు పుస్తకంలో మడిచి పెట్టిన రసీదు ఆ బొమ్మ ఏ ఏడాది వేసిందో చెప్పగలదు. కాగితాలు అన్నదమ్ముల మధ్య చీలిపోయిన రోజున రసీదు ఒక ఊళ్లో, పుస్తకం ఇంకో ఊళ్లో మిగులుతాయి. ఆర్కైవ్స్ నిపుణులు యజమాని ఉంచిన వరుసను చెదరనీయవద్దని పట్టుబట్టేది అందుకే.

చిత్రశాలకు ఇస్తే కాగితాలు చిత్రాల పక్కనే ఉంటాయి. అయితే అది ప్రదర్శన కోసం పుట్టిన సంస్థ కనుక, అందమైన పుటను విడదీసి అద్దం వెనుక వెలుతురులో పెట్టే ప్రమాదం, లెక్కల పుస్తకాన్ని మూలన పడేసే ప్రమాదం రెండూ ఉన్నాయి.

స్కానింగ్ మాటకొస్తే, హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ బరోడాకు చెందిన చిత్రకారులు కె.జి. సుబ్రమణ్యన్, జ్యోతి భట్ వంటివారి కాగితాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచడం వల్ల ఎక్కడి పరిశోధకుడికైనా అవి అందుతున్నాయి. ఆ పని మనమూ ముందే చేయాలి. కాని హార్డ్ డిస్క్ కాగితం కంటే త్వరగా పాడవుతుంది కనుక అసలును పారేయకూడదు.

నా మొగ్గు ఆర్కైవ్స్ వైపే, అది రాష్ట్ర ప్రభుత్వానిదైనా విశ్వవిద్యాలయానిదైనా. కాగితాన్ని పాడుచేయని, ఆమ్లం లేని పెట్టెల కంటే అక్కడ తయారయ్యే వివరపట్టికే నాకు ముఖ్యం, ఎందుకంటే ఏ చిత్రకారుడి కాగితాలూ ఒక్కచోట పూర్తిగా దొరకవు. రామారావును ప్రోత్సహించిన కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లండు వెళ్లిపోయారు. ఆయనకు రామారావు రాసిన ఉత్తరం ఏదైనా మిగిలి ఉంటే దాన్ని వెతకవలసింది అక్కడే. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక లేకపోతే ఉన్నవీ లేనట్టే.

అప్పగింత మాత్రం రాతపూర్వకంగా జరగాలి. కాగితం ఇచ్చినంత మాత్రాన కాపీరైటు బదిలీ కాదు. పైగా వచ్చిన ఉత్తరాల మీద హక్కు రాసినవారిదే గాని అందుకున్నవారిది కాదు. ఇంటి సంగతులున్న ఉత్తరాలను కొన్నేళ్లపాటు ఎవరికీ చూపరాదన్న షరతునూ అందులోనే రాయించుకోవచ్చు. పెట్టె కదిలే ముందు ఇంటి పెద్దల చేత ఫొటోల వెనుక పేర్లు రాయించాలి, మెత్తని పెన్సిలుతో. బాల్ పెన్ను గుర్తు ముందువైపుకు తేలుతుంది.