.315 ఫ్యాక్టరీ తూటాలు: ఏళ్ల వాడకం తర్వాత నా లెక్క

.315 రైఫిల్‌కు ఫ్యాక్టరీ తూటాలు నమ్మొచ్చా అని కర్నూలులో ఎవరైనా అడిగితే, ముందు పెట్టె మీద లాట్ నంబరు, అంటే ఫ్యాక్టరీలో ఏ విడతలో తయారైందో తెలిపే నంబరు, చెప్పమంటాను. లోపలున్నది అదే 244 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) బరువున్న, ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే సాఫ్ట్ నోస్ బుల్లెట్. అయినా ఒక లాట్‌లో నల్లచుక్కను కొట్టిన రైఫిలే, సైటు ముట్టుకోకపోయినా, ఇంకో లాట్‌తో 100 మీటర్ల దగ్గర బెత్తెడు కిందికి కొట్టింది. అందుకే మంచి లాట్ దొరికితే కోటా ఉన్నంతవరకు ఒకేసారి తెచ్చుకుంటాను.

చిక్కంతా ఆ కోటాతోనే. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నని రాసిచ్చిన తూటాలను పరీక్షలకే తగలేయలేం. కాబట్టి చాలామంది మూడు కాల్చి, దగ్గరగా పడితే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. మా పెదనాన్న కొడుకూ ఒకటి చూపించాడు. ఐదు రూపాయల బిళ్ల పెడితే మూడు చిల్లులూ కనపడవు.

"బాగుందిలే అన్నా, మిగతా కాగితాలు యాడ పెట్నావు?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

మూడు తూటాల గ్రూపులు, అంటే కాగితం మీద అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం, సగటున 2 అంగుళాలు వస్తుంటే, అదే రైఫిల్‌తో అవే తూటాలు పది కాలిస్తే గ్రూపు 3 అంగుళాలు దాటడం మామూలే. తూటాల్లో లోపమేమీ ఉండదు. మూడింటికి అదృష్టం సాయం చేస్తుంది, పదింటికి చేయదు.

నేను చేసేది ఇది. రేంజికి వెళ్లిన ప్రతిసారీ చల్లటి బ్యారెల్‌తో మొదటి రెండే లెక్కలోకి. కాగితం మీద తేదీ, లాట్ నంబరు, ఎండ ఎలా ఉందో రాసి ఇంటికి తెచ్చుకుంటాను. మళ్లీ వెళ్లినప్పుడు అదే కాగితం అంటిస్తాను. వేట అనుమతి ఉన్న దేశాల్లో వేటగాళ్లకు పనికొచ్చేది కూడా ఆ మొదటి తూటానే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాట ఎత్తేది లేదు, నాది కాగితం మీది సరదా. లెక్క మాత్రం అదే.

బ్యారెల్‌లో నూనె తుడవకుండా కాల్చిన తూటా ఎక్కడో పడుతుంది, దాన్ని తూటా ఖాతాలో వేయకూడదు. మే నెలలో కారు డిక్కీలో ఉడికిన పెట్టెను కూడా నమ్మకూడదు. తూటాలోని మందు వేడెక్కితే పీడనం, వేగం రెండూ పెరుగుతాయి. మన ఎండలకు పొద్దున్నే కాల్చడం మేలు.

కొందరు కంసాలి తాసు పెట్టి తూటాలు తూస్తారు. దండగ. మందు నింపే ఇత్తడి కేసుల బరువే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, తేడా మందులో ఉందో కేసులో ఉందో ఎవరికి తెలుసు? సీసం ముక్కు కాస్త నలిగినా 100 మీటర్లకు పెద్ద నష్టం లేదు. వేళ్లతో తిప్పితే బుల్లెట్ కేసులో కదిలిందా, అది మాత్రం కాల్చను.

ఇంకో సంగతి. 100 మీటర్ల దగ్గర ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే సుమారు 29 మిల్లీమీటర్లు. ఇనుప సైట్లతో, ఈ వయసు కళ్లతో అంత సన్నగా గురిపెట్టడం నా వల్ల కాదు. తూటాను తిట్టే ముందు 50 మీటర్లకు దిగి, ఇసుక సంచి మీద ఆనించి చూస్తాను.

ఇప్పుడున్న లాట్ మొదటి తూటాలన్నీ 50 మీటర్ల దగ్గర అరచేతిలో ఇమిడిపోయాయి. నాకు చాలు. స్కోప్ బిగించి అంగుళం గ్రూపులు కావాలనేవాళ్లకు ఇవి పనికిరావు.