బిగుతు మేజోళ్లా, లేజరా?

పర్లాకిమిడిలో రోజంతా నిలబడి బట్టలమ్మే మా అత్తకి పిక్కల మీద నరాలు (రక్తనాళాలు) మెలికలు తిరిగి ఉబ్బాయి, అంటే వేరికోస్ వీన్స్. సాయంత్రానికి చీలమండ మీద చెప్పు పట్టీ అచ్చు పడేది. దీనికి బిగుతు మేజోళ్లు మేలా, లేజర్ వైద్యం మేలా?

ఖర్చు: మేజోళ్లు చౌక, కానీ ఆరేడు నెలలకి సాగిపోతాయి. లేజర్‌కి ఒకేసారి పెద్ద మొత్తం, పైగా బరంపురమో విశాఖో ప్రయాణం.

శ్రమ: మేజోళ్లు పొద్దున్నే, కాళ్లు వాయకముందే తొడగాలి. వేసవి చెమటలో ఓపిక కావాలి. అవి వాపునీ బరువునీ ఆపుతాయి, నరాన్ని బాగుచేయవు. లేజర్ పాడైన నరాన్ని లోపలే మూసేస్తుంది. సాధారణంగా ఆ రోజే నడవొచ్చు.

ప్రమాదం: కాళ్లకి రక్తం సరిగా అందనివారికి మేజోళ్లు హాని చేస్తాయి. లేజర్ తర్వాత వేరే నరాలు ఉబ్బొచ్చు. ఏదైనా సరే, ముందు డాప్లర్ స్కాన్ (కాళ్లలో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) చేయించండి.

గర్భిణులకు మేజోళ్లే మేలు. చర్మం నల్లబడినా, పుండు పడినా లేజర్ సంగతి వెంటనే డాక్టర్‌ని అడగండి. సాలెగూడులాంటి సన్న నరాలకైతే ఇంజెక్షన్ వైద్యం వేరే ఉంది.