కానుగ కొమ్మకు ఎర్రగీత పెట్టిన కవిత్వ పాఠాలు

బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు తొమ్మిది మంది పిల్లలకు తెలుగు చెబుతుంటాను. బడిలో ముప్పై ఏళ్లు చెప్పిన నోరు, పదవీ విరమణ అయిందంటే మాత్రం ఊరుకుంటుందా? అది చూసి మా అమ్మాయి, పిల్లల చేత ప్రకృతి మీద కవితలు రాయించే డిజిటల్ పాఠాలకు 1,499 రూపాయలు పెట్టి ఏడాది చందా కట్టింది. మూడు నెలలు వాడాను.

వాన పాఠం బ్రహ్మాండం. ఆకుల మీద, రేకుల మీద, నీళ్ల మీద పడే వానను విడివిడిగా వినిపిస్తారు. బొమ్మ ఉండదు. కళ్లు మూసుకుని విని, దానికి తగిన మాట వెతుక్కోవాలి. చిటపట, టపటప దాటడానికే మావాళ్లకు పావుగంట పట్టింది. ఆ తర్వాత మా మనవరాలు రేకుల వాన విని, "అమ్మ పోపు వేసి మూత పెట్టడం మరిచిపోయింది" అని రాసింది. నా సర్వీసు మొత్తంలో ఏ వాచకంతోనూ ఇలాంటి వాక్యం రాబట్టలేకపోయాను.

వసంతం దగ్గరికి వచ్చేసరికి నీరసం వచ్చింది. కోకిల అని వినిపించింది గోడ గడియారంలోంచి తల బయటపెట్టి కూసే ఐరోపా పిట్టను! పైగా "కోకిలమ్మ పాడుతోంది" అట. పాడేది మగ కోకిల. ఇక కొండ అంటే మంచు టోపీ పెట్టుకున్న ముక్కోణం. ట్యాబ్ మూసేసి పిల్లలను లాల్‌బాగ్‌కు తీసుకెళ్లాను. అక్కడి బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని చెబితే ఒకడు చెప్పులు విప్పేశాడు. "అంత పెద్దాయన మీద చెప్పులతో ఎలా ఎక్కుతాం మాస్టారూ?" అన్నాడు. వాడి చేత ఆ రోజు కవిత రాయించలేదు. ఇంకేం రాయాలి?

అసలు కోపం ఆ పాఠాల్లో పద్యం నడక సరిచూసే ఛందస్సు పరీక్ష మీద. ఎనిమిదో తరగతి అమ్మాయి ఆటవెలది పద్యానికి మొదటి పాదం కట్టింది:

"కాకి వచ్చి వాలె కానుగ కొమ్మపై"

గణాలంటే అక్షరాల చిన్న గుంపులు. ఇందులో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదిరే అక్షరం. 'కా'కు 'కా' నిక్షేపంగా కుదిరింది. తెర మీద మాత్రం 'వచ్చి', 'కొమ్మపై' ఎర్రబడ్డాయి. ద్విత్వానికి, అంటే 'చ్చ', 'మ్మ' లాంటి జంట హల్లుకు, ముందున్న అక్షరం బరువెక్కి గురువవుతుందన్న సంగతి దానికి తెలియదు. 'వ'ను, 'కొ'ను తేలిక అక్షరాలుగా, అంటే లఘువులుగా లెక్కేసింది. చెట్టు, మబ్బు, గడ్డి, పువ్వు... ఈ లెక్కన తోటలో సగం తప్పే! ఆ పిల్ల దిగాలుగా పాదం చెరిపేయబోతే చేయి పట్టుకుని ఆపాను.

రెండుసార్లు ఫిర్యాదు రాశాను. రెండుసార్లూ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది.

వాన చప్పుళ్ల కోసమైతే ఒక్క నెలకు తీసుకోండి, ఏడాదికి వద్దు. ఆటవెలదికి ఇంకా మూడు పాదాలు బాకీ ఉన్నాయి. వచ్చే ఆదివారం పలకా బలపం పట్టుకుని కానుగ చెట్టు కిందే కూర్చుంటాం.